స్థూలాక్షరౌచిత్యము : క్లారెండన్ టైపు పరిశీలనము

అక్షరమునకు రెండు ధర్మములు కలవు. చదువబడుట మొదటిది, చూడబడుట రెండవది. గ్రంథమునందలి అక్షరము మొదటి ధర్మమునకే అంకితమై, తాను మరుగుపడి అర్థమును కనబరచును. గోడపత్రికయందును, అంగడి పలకయందును, గ్రంథముఖపత్రమునందును నిలుచు అక్షరము స్థితి వేరు. అది ముందు తాను కనబడి, దారిని పోవువానిని నిలిపి, పిమ్మట అర్థమును చెప్పవలసియున్నది. ఇట్టివానిని ప్రదర్శనాక్షరములని వ్యవహరింపవచ్చును. వానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినవి స్లాబ్ సెరిఫ్ అక్షరములు. రోమను లిపియందు అక్షరరేఖల చివరలయందు కానవచ్చు చిన్న అడ్డుకొనకు సెరిఫ్ అని పేరు. ఆ కొన సన్నని ముల్లువలె గాక, నిలువుగీతకు దీటైన లావుగల పలకవలె నున్నచో నది స్లాబ్ సెరిఫ్ అగును. ఈ వ్యాసమునందు దానిని పలకకొన యని వ్యవహరింతును.

ఈ జాతి టైపులలో 1845లో లండనునందు వెలువడిన క్లారెండన్ ఈ పరిశీలనమునకు ప్రధానవిషయము. పలకకొనల స్థూలాక్షరము గ్రంథాక్షరమునకు వికృతియా, లేక స్వంత నియమములుగల ప్రత్యేకజాతియా యనునది విచారణీయాంశము. అది ప్రత్యేకజాతియే యనియు, ఆ జాతియొక్క గుణదోషములను నిర్ణయించుటకు క్లారెండన్ చక్కని గీటురాయి యనియు నా అభిప్రాయము. ఈ చర్చ పరదేశపు టైపులకు సంబంధించినదే యైనను, దాని ఫలము తెలుగు లిపిని స్థూలముగా అచ్చువేయించువారికిని అవసరమైనదని చివరి భాగమున నిరూపింప యత్నింతును.

పుట్టుక

18వ శతాబ్ది చివరివరకు ఇంగ్లండునందలి టైపు ఫౌండ్రీలవారు గ్రంథముద్రణమునే ముఖ్యముగా దృష్టియందుంచుకొని అక్షరములను చెక్కించిరి. పెద్ద అక్షరము కావలసివచ్చినచో గ్రంథాక్షరమునే పెంచి పోతపోసిరి. 19వ శతాబ్ది తొలి దశకములలో వర్తకము విస్తరించినకొలది లాటరీ ప్రకటనలును, నాటకశాలల పత్రములును, వేలముపాటల కాగితములును నగరపు గోడలపై ఒకదానితో నొకటి పోటీపడజొచ్చెను. ఆ పోటీలో సన్నగీతలుగల గ్రంథాక్షరము నిలువజాలదయ్యెను. అందులకు మొదటి ఉపాయముగా రాబర్ట్ థార్న్ మొదలగువారు అక్షరముల నిలువుగీతలను మాత్రమే మిక్కిలి లావుచేసిరి. వీనికి ఫ్యాట్ ఫేస్ టైపులని పేరు. వీనియందు లావుగీత యెంత లావో సన్నగీత యంత సన్నము. దూరమునుండి చూచువానికి నల్లని స్తంభములు కనబడునేగాని, వానిని కలుపు గీతలు కనబడవు. బలము కలదు, బంధము లేదు.

ఈ లోపమునకు విరుగుడు విన్సెంట్ ఫిగ్గిన్స్ అను లండను ఫౌండ్రీ యజమాని నమూనా పుస్తకమునందు 1815–17 ప్రాంతమున కానవచ్చినది. ఆంటీక్ అను పేర ఆయన ప్రకటించిన టైపునందు నిలువుగీత, అడ్డుగీత, కొన అను మూడును రమారమి ఒకే లావు. మొదట వెలువడినవి పెద్దక్షరములు మాత్రమే. ఫ్యాట్ ఫేస్ నందు స్తంభములు మాత్రమే యుండగా, ఇందు స్తంభములకు పీఠములును, దూలములును ఏర్పడినవి. అక్షరము మొదటిసారిగా కట్టడమైనది.

ఈ జాతికి ఈజిప్షియన్ అను నామాంతరము కలదు. నెపోలియన్ ఈజిప్టుపై 1798లో దండెత్తుటయు, రొసెట్టా శిల 1802లో బ్రిటిష్ మ్యూజియమును చేరుటయు ఆ దేశపు పేరును ఐరోపాయందు వాడుకలోనికి తెచ్చెను. విచిత్ర మేమనగా, టైపుల విషయమున ఈ పేరు మొదట 1816 ప్రాంతమున క్యాస్లన్ ఫౌండ్రీ ప్రకటించిన, కొనలు బొత్తిగా లేని టైపునకు పెట్టబడినది. పిదప థార్న్ సిద్ధము చేయించిన పలకకొనల టైపునకు సంక్రమించి, 1821 నాటి విలియం థారోగుడ్ నమూనాలతో స్థిరపడినది. కావున నీ పేరును బట్టి నైలునదీతీరపు చిత్రలిపితో దీనికి బంధుత్వము కల్పించుట సాహసము. వాడుకలో స్థిరపడిన పేరు వస్తుస్వరూపమునకు ప్రమాణము కాజాలదను న్యాయమున కిది చక్కని ఉదాహరణము.

థార్న్ మరణానంతరము 1820లో ఆతని ఫౌండ్రీని కొనిన థారోగుడ్ అందులకు లాటరీలో గెలిచిన ధనమును వినియోగించెనని ముద్రణచరిత్రకారులు వ్రాసియున్నారు. లాటరీ ప్రకటనలకై పెరిగిన స్థూలాక్షరము చివరకు లాటరీ ధనముతోడనే పోషింపబడుట గమనింపదగినది. ఈ అక్షరముల జన్మస్థానము పండితుని బల్ల కాదు, సంతవీథి. వీనిని విమర్శించువారు ముందుగా ఈ సత్యమును అంగీకరింపవలెను.

పూర్వపక్షము

స్థూలాక్షరములపై ఆక్షేపణ వానితోపాటే పుట్టినది. 1825లో టైపోగ్రాఫియా యను బృహద్గ్రంథమును ప్రకటించిన టి. సి. హాన్సార్డ్ తన కాలపు లావు టైపులను అభిరుచిభంగముగా నెంచి తీవ్రముగా నిరసించెను. ఆయన స్వయముగా ముద్రాపకుడు. పూర్వుల గ్రంథాక్షరములయందలి సమత్వమును ఆదర్శముగా నుంచుకొన్నవాడు. 1891లో విలియం మారిస్ కెల్మ్‌స్కాట్ ముద్రణాలయమును స్థాపించిన పిమ్మట ప్రాచీనముద్రణసౌందర్యముపై మరల ఆదరము పెరిగెను. ఆ అభిరుచియందు పెరిగినవారికి సంతవీథి అక్షరము అనాగరికముగా తోచుట సహజము. 1938లో నికొలెట్ గ్రే 19వ శతాబ్దపు అలంకృత టైపులపై ప్రత్యేకగ్రంథమును ప్రకటించువరకు ఈ సామగ్రి గంభీరపరిశీలనమునకు పాత్రమని తలచినవారు అరుదు.

హాన్సార్డ్ వాదము నిస్సారమని త్రోసివేయుటకు వీలులేదు. స్థూలాక్షరములతో ఒక పుటయంతయు అచ్చువేసినచో కన్ను అలయును. నల్లదనము పెరిగినకొలది అక్షరములు పరస్పరము కలిసిపోవును. ఎల్లమాటలును అరచునపుడు ఏ మాటయు వినబడదు. ఇవి కాదనరాని దోషములు. అయితే ఇవి అక్షరస్వభావమునకు చెందినవా, ప్రయోగమునకు చెందినవా యని వివేచింపవలసియున్నది. 11వ శతాబ్దియందు క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యజీవితముగా ప్రతిపాదించుచు, అస్థానమున నిలిపిన భూషణము నవ్వునకు హేతువగునని బోధించెను. అందు తప్పు భూషణమునది కాదు, దాని నిలిపినవానిది. గ్రంథపుటకు తగని అక్షరము గోడపత్రికకు తగినదైనచో, దానిని గ్రంథపుట కొలతతో తూచి దోషియని నిర్ణయించుట న్యాయము కాదు. ద్విపదకు సీసలక్షణము పట్టలేదని తప్పుపట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఇట్లనగా స్థూలాక్షరములన్నియు సమానముగా నుత్తమములని కాదు. జాతి వేరని యంగీకరించినంతమాత్రమున ఆ జాతిలోని తారతమ్యవిచారము తొలగిపోదు. ఆ తారతమ్యమును చూపుటకే క్లారెండన్ నిట ఉదాహరించుచున్నాను.

క్లారెండన్ స్వరూపము

థారోగుడ్ ఫౌండ్రీలో 1826లో చేరి, 1838లో భాగస్థుడైన రాబర్ట్ బెస్లీ 1845లో ఈ టైపును ప్రకటించెను. అచ్చుదిమ్మెలను చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. ఆక్స్‌ఫర్డునందలి క్లారెండన్ ముద్రణాలయమును స్ఫురింపజేయునట్లు దీనికి పేరిడిరి. 1842 నాటి అలంకారరూపముల చట్టముక్రింద దీనిని నమోదుచేయించి మూడేండ్ల రక్షణము పొందిరి. ఆ గడువు తీరగానే ఇతర ఫౌండ్రీలవారు అనుకరణములను వెలువరించిరి. ఇంగ్లండు ముద్రాపకుల వ్యవహారమున క్లారెండన్ అనుమాటకు లావు టైపు అను సామాన్యార్థమే కలుగునంతగా ఇది వ్యాపించినది. బెస్లీ తరువాత 1869లో లండను నగరమునకు లార్డ్ మేయరయ్యెను.

క్లారెండన్ ఉద్దేశము ఆంటీక్ ఉద్దేశముకంటె భిన్నము. అది గోడకొరకు పుట్టినది. ఇది గ్రంథపుటయందు సాధారణాక్షరముల నడుమ నిలిచి ఒక మాటను ఎత్తిచూపుటకు పుట్టినది. అంతకుపూర్వము ఆంగ్లముద్రాపకులు ఒక పదమును ప్రత్యేకింపవలసినపుడు వాలు టైపును గాని, చిన్న పరిమాణపు పెద్దక్షరములను గాని, ప్రాచీన గోథిక్ లిపిని గాని ఆశ్రయించుచుండిరి. నిఘంటువులయందు ఆరోపపదమును, కాలపట్టికలయందు ముఖ్యస్థానమును చూపుటకు, చుట్టునున్న అక్షరములతో నొదుగుచునే వానికంటె నల్లగా కనబడు అక్షరము కావలసివచ్చెను. క్లారెండన్ ఆ కొరతను తీర్చెను. తరువాత పరిమాణము పెరిగి, అదియే ప్రదర్శనాక్షరముగాను ప్రసిద్ధమైనది. అరుపు నేర్చిన అక్షరము మాటాడుట నేర్చుకొనలేదు. మాటాడుట నేర్చిన అక్షరమే అవసరమునుబట్టి కంఠము హెచ్చించినది. దీని గుణమంతయు ఈ జన్మవృత్తాంతమునుండియే వచ్చినదని నేను భావింతును.

ఆ గుణమును నాలుగు విషయములయందు చూపవచ్చును. మొదటిది కొనయొక్క సంధి. ఆంటీక్ టైపునందు పలక నిలువుగీతను లంబకోణమున తాకును. ఇటుకపై ఇటుక పెట్టినట్లుండును. క్లారెండన్ నందు నిలువుగీత అడుగున కొంచెము వంపుతిరిగి పలకలోనికి ప్రవహించును. చెట్టుమొదలు నేలలోనికి విస్తరించినట్లుండును. రెండవది గీతల తారతమ్యము. ఆంటీక్ నందు గీతలన్నియు దాదాపుగా నొకటే లావు. క్లారెండన్ నందు అడ్డుగీతలు నిలువుగీతలకంటె మితముగా సన్నములు. ఫ్యాట్ ఫేస్ నందువలె మాయమగునంతటి సన్నములు కావు. కలముపట్టి వ్రాసిన చేతి జ్ఞాపక మిందు కొంత మిగిలియున్నది. మూడవది చిన్నక్షరముల యెత్తు. పెద్దక్షరములతో పోల్చినపుడు చిన్నక్షరముల శరీరము పెద్దది; అందువలన గీతలు లావైనను లోపలి తెలుపు పూడిపోదు. నాలుగవది చివరల గుండ్రన. కొన్ని చిన్నక్షరముల వంపుగీతలు బిందువువంటి గుండుతో ముగియును. ఆర్ అను పెద్దక్షరపు కాలు పైకి వంపుతిరిగి ఆగును. పలకల కాఠిన్యమునకు ఈ గుండ్రనములు విశ్రాంతిస్థానములు.

ఓజఃప్రసాదములు

మన ఆలంకారికుల పరిభాషయందు చెప్పవలెనన్నచో పలకకొనల అక్షరమునకు ప్రాణము ఓజోగుణము. వామనుడు శబ్దగుణములలో ఓజస్సును గాఢబంధముగాను, ప్రసాదమును శైథిల్యముగాను నిర్వచించెను. శైథిల్యము ఓజస్సునకు విరుద్ధము, దోషముగదా, గుణమెట్లగునని తానే శంక నెత్తి, ఓజస్సుతో సమ్మిశ్రమైనపుడే అది గుణమగునని సమాధానమును చెప్పెను. కేవలశైథిల్యము దోషమే. ఈ విచారణ పదబంధమునకు చెప్పబడినదైనను రేఖాబంధమునకును చక్కగా పొసగుచున్నది.

ఆంటీక్ నందు గాఢబంధము పరిపూర్ణము. కాని సడలింపు లేదు. ఒక మాటకు, రెండు మాటలకు అది దుర్గప్రాకారమువలె శోభించును. నాలుగు పంక్తులైనచో ఆ ప్రాకారమే చెరసాల యగును. ఫ్యాట్ ఫేస్ నందు లావు కలదుగాని బంధము లేదు. లావు వేరు, ఓజస్సు వేరని నిరూపించుటకు అది నిదర్శనము. క్లారెండన్ నందు బంధము గాఢమైయుండగనే సంధివంపులచేతను, గీతల మితభేదముచేతను సడలింపు కలిగినది. ఆ సడలింపు విడిగా నున్నచో బలహీనత యగును. పలకల బలముతో కలిసియున్నందున ప్రసాదమైనది. కావుననే ఇది ప్రకటనపత్రమునకును, నిఘంటువునకును కూడ ఒదుగుచున్నది. ఉభయస్థానములయందును నిలుచుట ఈ జాతిలోని అన్యములకు సులభసాధ్యము కాలేదు.

అనుకర్తలు, అనంతరులు

పెద్ద పరిమాణపు లోహపు అక్షరములు బరువైనవి, ఖరీదైనవి, చల్లారునపుడు వాని ముఖము సమముగా నిలువదు. 1827లో న్యూయార్కునందు డేరియస్ వెల్స్ తిరుగుడు ఉలియంత్రముతో కొయ్య అక్షరములను చెక్కు విధానమును కనిపెట్టుటయు, 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి ప్రతిరూపలేఖనయంత్రమును జోడించుటయు ఈ కష్టమును తొలగించెను. ఒక మూలరూపమునుండి ఏ పరిమాణముననైనను, ఏ వెడల్పుననైనను అక్షరమును తీయుట సులభమైనది. సౌలభ్యము పెరిగినచోట వివేకము తగ్గుట లోకరీతి. అనుకర్తలు క్లారెండన్ ను నొక్కి ఇరుకుచేసిరి, సాగదీసి వెడల్పుచేసిరి, ఫ్రెంచ్ క్లారెండన్ అను భేదమున కొనల పలకలు నిలువుగీతలకంటె లావెక్కినవి. నాటకపత్రములయందును, అమెరికా పడమటి ప్రాంతపు కథలకు చిహ్నమైన ప్రకటనలయందును మనమెరిగిన రూపమిదియే. 1938లో రాబర్ట్ హార్లింగ్ ప్లేబిల్ అను టైపుతో దీనిని పునరుజ్జీవింపజేసెను.

ఇందు అంగము అంగిని మించినది. అలంకారము అలంకార్యమును కప్పివేసినచో కావ్యమున కెట్టి హాని కలుగునో ఇచటను అట్టిదే కలిగినది. పైపలకల వరుసయు, క్రిందిపలకల వరుసయు రెండు నల్లని త్రాళ్లవలె కన్నును లాగును. నడుమ అక్షరభేదము పలుచబడును. ఇరుకైన స్థలమున పెద్ద మాటను ఇముడ్చుటకును, వేడుకను సూచించుటకును ఈ రూపము సమర్థమే. అయితే దానికి వేషమే స్వభావమైనది. వేషము తగిన రంగస్థలము లేనపుడు అది నిలువదు.

20వ శతాబ్దియందలి పునరుద్ధరణము మరియొక మార్గమును పట్టెను. 1929లో జర్మనీయందు స్టెంపెల్ ఫౌండ్రీకై రుడాల్ఫ్ వోల్ఫ్ రచించిన మెంఫిస్, 1934లో మోనోటైప్ సంస్థ వెలువరించిన రాక్‌వెల్ మొదలగునవి వృత్తమును, సరళరేఖను ఆధారముగా గొన్నవి. రాక్‌వెల్ నందు ఆంగ్లవర్ణమాలలోని మొదటి పెద్దక్షరపు శిఖరముపై సైతము పలక కలదు. వీనియందు స్పష్టత నిర్వివాదము. కాని అది కొలబద్ద నిచ్చిన స్పష్టత. గీతల మితభేదమును త్యజించుటచే చేతి జ్ఞాపకము తొలగినది. యంత్రమును, కర్మాగారమును సూచింపదలచినచోట ఆ శుష్కతయే ఉచితమగును. జార్జ్ ట్రంప్ 1930లో వెలువరించిన సిటీ యను చతురస్రప్రాయమైన టైపును ఆధారముగా గొని, 1956లో పాల్ ర్యాండ్ ఐ.బి.ఎం. సంస్థకు రచించిన చిహ్నము ఇందులకు సాక్ష్యము. మూడే అక్షరములు, వానికి పలకకొనలు, లెక్కయంత్రముల సంస్థ: స్థానము, వస్తువు, రూపము మూడును కుదిరినవి. 1953లో స్విట్జర్లండునందు హెర్మన్ ఐడెన్‌బెంజ్, 1955లో అమెరికాయందు ఫ్రీమన్ క్రా క్లారెండన్ నే మరల రచించుటనుబట్టి ఆ శుష్కతతో తృప్తిపడనివారును ఉండిరని గ్రహింపవచ్చును.

తెలుగు లిపికి అన్వయము

ఈ చర్చనుండి తెలుగువా రేమి గ్రహింపవలెను? ముందుగా గ్రహింపరానిదానిని చెప్పెదను. తలకట్టు తెలుగు అక్షరమునకు సెరిఫ్ వంటిదని తలచి, దానిని పలకగా మార్చినచో తెలుగు ఈజిప్షియన్ సిద్ధించునని భ్రమించుట సులభము. ఇది సరికాదు. రోమను లిపియందు సెరిఫ్ నకు ధ్వనివిలువ లేదు. దానిని పెంచినను, కుదించినను, బొత్తిగా తీసివేసినను అక్షరము మారదు. తలకట్టు అట్టిది కాదు. క అనుదానియందున్న తలకట్టు కి, కె, క్ అను రూపములయందు తొలగి వేరు గుర్తునకు చోటిచ్చును. అనగా నది స్వరచిహ్నములతో వంతుకు నిలుచు గుర్తు. ఖ, జ, ట, ణ, బ, ల మొదలగువానికి విడిగా తలకట్టే లేదు. అట్టివాని చివరలకు అందమునకై పలకలను తగిలించినచో చదువరి వానిని కొమ్మనియో, దీర్ఘమనియో, పొల్లనియో భ్రమించు నవకాశము కలదు. రోమను అక్షరపు కొన ఖాళీస్థలము. తెలుగు అక్షరపు కొన అర్థము కాపురమున్న ఇల్లు.

రెండవ భేదము వ్యావర్తకచిహ్నముల స్థానము. ర, ఠ అను వానికి ముఖ్యభేదము లోపలి చుక్క. ద, ధ అను వానికి భేదము క్రిందనుండు చిన్న నిలువుగీత. థ యందు ఆ గీతయు, చుక్కయు రెండును కలవు. గీతలను లావుచేసినపుడు మొట్టమొదట పూడిపోవునవి ఈ లోపలి తెలుపులు, ఈ క్రింది సందులే. స్త్రీ, వస్త్ర వంటి మాటలయందు వత్తులు పంక్తి క్రిందికి దిగుటచే లావుతోపాటు పంక్తుల నడుమ దూరమును పెరుగవలసియుండును. రోమను అక్షరమును స్థూలముచేయుట వెలుపలినుండి కూర్చుట. తెలుగు అక్షరమును స్థూలముచేయుట లోపలినుండి కాపాడుట. సినిమా గోడపత్రికలకై తెలుగు పేర్లను చేతితో వ్రాసిన చిత్రకారులు మాటమాటకును వంపులను సవరించుకొనగలిగిరి. అచ్చు అక్షరమునకు ఆ వెసులుబాటు లేదు. సవరణమంతయు రచనాదశయందే జరుగవలెను.

క్లారెండన్ నుండి గ్రహింపదగినది దీనితో తేటపడుచున్నది. గ్రహింపదగినది పలక కాదు, దాని వెనుకనున్న నియమము. బెస్లీ టైపు సాధారణాక్షరమును ఊరక లావుచేయగా వచ్చినది కాదు. లోపలి తెలుపునకు చోటుచేసి, గీతల తారతమ్యమును మరల నిర్ణయించి, వేరుగా చెక్కినది. నేటి కంప్యూటరు కంపోజింగునందు ఒక టైపునకు ప్రత్యేకమైన స్థూలరూపము లేనపుడు, మీట నొక్కినంతనే యంత్రము రేఖల యంచులను ఒకే తీరున ఉబ్బించి లావు చేయుట కలదు. ఆంగ్లమునకే హానికరమైన ఈ పద్ధతి తెలుగునందు ఠకారమును రేఫగాను, ధకారమును దకారముగాను కనబరచుటకు వెనుదీయదు. శబ్దభేదముననే ప్రాణమున్న నిఘంటువునందును, పాఠాంతరములను చూపు పరిష్కృతగ్రంథమునందును ఇది కేవలము అందమునకు చెందిన విషయము కాదు, పాఠశుద్ధికి చెందినది. వాలు అక్షరము మన లిపికి సంప్రదాయసిద్ధము కానందున, ఆరోపపదమును, మూలపద్యమును, సూత్రమును ప్రత్యేకింపదలచిన తెలుగు సంపాదకునకు స్థూలాక్షరమే ప్రధానసాధనము. ప్రధానసాధనమే లోపభూయిష్టమైనచో పరిశోధకుని శ్రమ అచ్చులో చెడును.

కావున సిద్ధాంతవ్యాసములను సమర్పించువారు స్థూలాక్షరమును వాడునపుడు మూడు విషయములను పరీక్షించుట మేలు. ఆ టైపునకు వేరుగా రచింపబడిన స్థూలరూపము కలదా. ఠ థ ధ భ ఢ ఛ లు ఉద్దిష్టపరిమాణమున స్పష్టముగా వేరుపడుచున్నవా. ఒక పుటయందు స్థూలాక్షరమును ఎన్నిచోట్ల వాడితిమి? మూడవదానికి సంఖ్యానియమము లేదు. క్షేమేంద్రుడు కావ్యమునకు చెప్పిన ఔచిత్యమే ఇచటను శరణ్యము.

పలకకొనల స్థూలాక్షరము సంతలో పుట్టినది. పండితుల నిరసనకు గురియైనది. అయినను తన పనిని తాను చేసినది. ఆ పని పలుకుటకంటె ముందు పిలుచుట. పిలుపు బిగ్గరగా నుండవచ్చును. పిలిచిన పేరు తప్పుగా వినబడరాదు. క్లారెండన్ ఈ రెంటిని పొసగించినందుననే ఆ జాతికి తలమానికమైనది. తెలుగు స్థూలాక్షరమునకును ఈ పరీక్షయే పరీక్ష. ఆ పరీక్షకు నిలుచు అక్షరమును మన లిపిస్వభావమునుండియే సాధించుకొనవలెనుగాని, పరుల కొనలను తెచ్చి అతికించుటచే సాధింపజాలము. విజ్ఞులు విచారింతురు గాక.